మొదటి వరుస మాత్రం ఆమెదే

మా నేతగాళ్ళ ఊరు పండాయ్ సికెక్‌లో మస్రిల్‌ని చెడ్డవాడని ఎవరూ అనరు. నేనూ అనను. చేనేత సంఘం ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు గుమాస్తాగా చేశాడు, ఒకరి నూలుపోగు ముట్టుకోలేదు. చేసిన తప్పు ఒక్కటే. దాన్ని దిద్దుకోవడానికి దేవుడు గడువిచ్చాడు కూడా. వాడే దిద్దుకోలేదు.

ముసలి నేతగత్తెలతోపాటు జరీ నమూనాలు కూడా పోతున్నాయని, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించమని సంఘం పెద్ద మస్రిల్‌కి చెప్పాడు. ఆ డొక్కు మిషన్‌లో బొమ్మలు గీసే సరంజామా ఏమీ లేదు, ఉత్త అక్షరాలు కొట్టుకునే ఎడిటర్ ఒక్కటే. అదే చాలన్నాడు మస్రిల్. జరీపోగు పైకి తేలినచోట ఇంటూ గుర్తు, కిందికి దిగినచోట చుక్క. నేతలో ఒక వరుసకి ఇక్కడ ఒక వరుస.

రోస్‌మానీ పెద్దమ్మకి అప్పటికే చూపు పోయింది. ఆమె అమ్మమ్మ నేసిన నమూనా ఒకటి, ఏ గుడ్డ మీదా మిగల్లేదు, ఆమె తలలో తప్ప. పదకొండు మధ్యాహ్నాలు ఆఫీసుకొచ్చి కూర్చుంది. "మూడు పైకి, ఒకటి కిందికి" అని ఆమె చెబుతూ పోయింది, వీడు కొడుతూ పోయాడు.

"పెళ్ళాం ఇంట్లో మొద్దు మీది బూడిదలా పడుండేవాడివి, నీకింత ఓపిక ఎక్కడిదిరా?" అనేది. మా దగ్గర ఇల్లు ఆడవాళ్ళది, అల్లుడు ఊదితే ఎగిరిపోయే బూడిదే.

"ఊదేవాళ్ళు లేక ఇంకా ఉన్నాను పెద్దమ్మా," అనేవాడు.

ఆ గళ్ళు చూసీ చూసీ వాడికో పిచ్చి పట్టింది. ఎడిటర్‌లో మాక్రో అని ఒకటుంది. మనం నొక్కిన మీటల్ని గుర్తుపెట్టుకుని, చెప్పినన్నిసార్లు తనే మళ్ళీ నొక్కుతుంది. మస్రిల్ దానికి చిన్న నియమం నేర్పాడు. పై వరుసలో అటూ ఇటూ ఉన్న గుర్తులు వేరైతే కింద ఇంటూ, ఒకటే అయితే చుక్క. అంతే. పైన ఒక్క ఇంటూ పెట్టి వదిలితే వరుస కింద వరుస పుట్టుకొచ్చేది, త్రికోణాలు, ఆ త్రికోణాల్లో మళ్ళీ త్రికోణాలు. మగ్గం లేదు, మనిషి లేడు, నేత మాత్రం సాగిపోయేది. వాడు భోజనానికి కూడా ఇంటికి పోవడం మానేశాడు.

పెద్దమ్మ చెప్పడం ముగించిన రోజే అది జరిగింది. ఆమె ఫైలూ, వాడి ఆట ఫైలూ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. రెండింటా చుక్కలూ ఇంటూలే. తన ఆట ఫైలే అనుకుని ఆమె ఫైలులో మాక్రో వదిలి, కాఫీ ఆకుల కషాయం తాగడానికి లేచాడు. మాక్రోకేం తెలుసు? మొదటి వరుస చూసి రెండోది, రెండోది చూసి మూడోది, అడుగుదాకా ఉన్న గుర్తుల మీదే తన గుర్తులు కొట్టేసింది. వీడు తిరిగొచ్చి, చూడకుండానే అలవాటు కొద్దీ సేవ్ చేసి, మూసేసి పోయాడు. మర్నాడు తెరిచేసరికి మొదటి వరుస తప్ప ఆమె చెప్పింది ఏదీ లేదు. ఇంకో నకలు లేదు. కాగితం మీద కూడా రాసి పెట్టమంటే దండగన్నది వీడే.

పెద్దమ్మ నాలుగిళ్ళ అవతలే ఉంది. వెళ్ళి "తప్పయింది, మళ్ళీ చెప్పు" అంటే నాలుగు తిట్టి, మళ్ళీ చెప్పేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాడు. ఈలోగా సంఘం పెద్ద ఆ ఫైలు అచ్చు తీయించి మగ్గానికిచ్చాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది మరి, ఎవరికి అనుమానం వస్తుంది?

రెండు నెలలకి గుడ్డ తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టారు. ఆమె వేళ్ళతో జరీ తడిమింది.

"మొదటి వరుస నాదే," అంది. వేళ్ళు కిందికి జరిపి, "తర్వాత ఇలా కాదే. ఇలా చెప్పానా నేను?"

గదినిండా జనం. నిజం మస్రిల్ నాలుక చివరిదాకా వచ్చింది. సంఘం పెద్ద వాడి వంకే చూస్తున్నాడు.

"నువ్వు చెప్పినట్టే కొట్టాను పెద్దమ్మా," అన్నాడు.

ఆమె ఆ అంచు నుంచి ఈ అంచుదాకా మళ్ళీ తడిమింది. "అయితే నా బుర్రే పోయింది. ఇంకా ఆరు నమూనాలు చెబుదామనుకున్నాను. వద్దులే నాయనా, తప్పులు చెప్పి ఆడపిల్లల చేత నేయించడం పాపం."

ఎంతమంది బతిమాలినా ఆ తర్వాత ఒక్క వరుస చెప్పలేదు. ఆర్నెల్లకి కన్నుమూసింది. ఆ ఆరు నమూనాలూ ఆమెతోనే మట్టిలోకి పోయాయి. వాడి మీద నాకు జాలి అనుకుంటాను గానీ, కాదు, కోపమే.

పెద్దమ్మ పోయిన వందో రోజున భోజనాలు పెట్టారు. ఆమె కూతురు యుస్నా మస్రిల్ పళ్ళెంలో రెండాంగ్ కూర వేస్తూ అంది:

"అమ్మకి నువ్వంటే ప్రాణం అన్నా. ఆ గుడ్డ తడిమినప్పటి నుంచి మాత్రం తన మీద తనకే నమ్మకం పోయింది. నమాజు చేశానా లేదా అని కూడా నన్నే అడిగేది. చేశావమ్మా అన్నా వినకుండా మళ్ళీ చేసేది."

మస్రిల్ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"ఇంకొంచెం అన్నం పెట్టమ్మా," అన్నాడు.