అల్లుడుగారి విసురు

మా గుడియాత్తం వీధి సూటిగా, పొడవుగా ఉంటుంది. అందం కోసం కాదు. లుంగీలు నేసే నిలువు పోగుల పడుగును ఈ కొస నుంచి ఆ కొసకు సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెట్టుకోవడానికి మా పెద్దవాళ్లు ఇళ్లను అలా కట్టుకున్నారు. మా బావ వేలూరు నుంచి మొదటిసారి గాలపు కర్రతో వచ్చి ఈ వీధిని చూసినప్పుడు ఆయన కళ్లకు మాత్రం ఇది ఒక మైదానంలా కనిపించింది.

"ఇంత స్ట్రెయిట్‌గా ఉండే వీధి వేలూర్లో యాడా లేదు మామా," అన్నాడు నాన్నతో. మా పెద్దవాళ్లు ఎన్నో తరాల ముందే ఆయన కోసమే ఆలోచించి పెట్టినట్టు.

అక్కకు పెళ్లయి అది మొదటి ఆడి నెల, అంటే మీ ఆషాఢం లాంటిది. కొత్త పెళ్లికూతురిని ఆ నెలంతా పుట్టింట్లో ఉంచుకుంటాం. అల్లుడు ఆదివారం ఆదివారం వచ్చి, విందు తిని వెళ్తాడు. మా బావ విందుకు వస్తూ గాలాన్ని కూడా తెచ్చేవాడు. ఆయనకు సముద్రపు ఒడ్డున నిలబడి చేపలు పట్టే సరదా ఉంది. చేపలు పట్టే సరదా అని పొరపాటున అన్నాను. గాలాన్ని దూరంగా విసిరే సరదా. చేప సంగతి ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఎన్ని మీటర్లు పోయింది, స్నేహితుడిది ఎన్ని మీటర్లు పోయింది, ఈ రెండే.

ఆ మొదటి ఆదివారం వీధి మొదట్లో నిలబడి, తన కంటే రెండింతలు పొడవున్న కర్రను వెనక్కి వంచి, దారం కొసన కట్టిన సీసపు గుండును విసిరాడు. అది వీధి చివర కొళాయి నీళ్ల తొట్టి దగ్గర దుమ్ములో పడింది. పిల్లలు కేకలు పెట్టారు. పక్కింటి అవ్వ అరుగు మీద నుంచి అడిగింది.

"యాడికి పోయినాదప్పా ఆ గుండు?"

"తొట్టి దాకా పోయినాది అవ్వా," అన్నాడు బావ.

"చేప యాడుండాది మరి?"

"సుమ్మా, ఊరికే ప్రాక్టీసు అవ్వా."

"కౌండిన్య యేట్లోనే నీళ్లు లేవు. తొట్లో చేప పడతాడంట మీ అల్లుడు," అని అవ్వ మా అమ్మ వైపు తిరిగి, పళ్లు లేని నోటితో నవ్వింది. అమ్మ నవ్వలేదు. అల్లుడి మీద నవ్వడం మా ఇంట్లో లేదు. అల్లుడికి ఎదురు చెప్పడం అసలే లేదు. అల్లుడు నిప్పు మీద కూర్చుంటే, వేడిగా ఉందా అని కూడా అడగరు, చాప తెచ్చి వేస్తారు.

పడుగు చాచడానికి వీధిలో ఇంటికొక వంతు ఉంటుంది. బడి ఆటోలు తిరగని మరుసటి ఆదివారం మా వంతు వచ్చింది. నాన్న చీకటి వీడకముందే పడుగు చాచి గంజి పట్టించాడు. పోగులన్నీ తడిగా, బిగువుగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే బావ బండి దిగాడు. ఆ తరువాతి వారం స్నేహితులతో సముద్రం దగ్గర పందెం ఉందట.

"పడుగు ఉండాదే నాయనా," అన్నాడు నాన్న. అడ్డు చెప్పినట్టు కాదు, వాతావరణం చెప్పినట్టు అన్నాడు.

"మీ పడుగుకు తగల్దు మామా. దాని పైనే పోతాది."

"సరి నాయనా."

ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. గుండు పైనే పోయింది, నిజమే. దాని వెనకాల వెళ్లిన నైలాన్ దారాన్ని గాలి విల్లులా వంచి తెచ్చి పడుగు మీద పరిచింది. అక్కడితో ఆగినా బాగుండేది. బావ ఆ దారాన్ని గబగబా చుట్టాడు. గుండు పరుగెత్తుకుంటూ వచ్చి, తడి పోగుల్లో దూరి, మధ్యలో దున్నేసింది.

"పరవాల్లే, పరవాల్లే," అన్నాడు నాన్న, పరుగెడుతూ.

"పరవాల్లే అల్లుడూ, మీరు లోపలికి రాండి, కాఫీ చల్లారిపోతాది," అంది అమ్మ.

మధ్యాహ్నం దాకా నాన్నా నేనూ వంగి తెగిన పోగులు అతుకుతూ కూర్చున్నాం. లోపల నుంచి బావ గొంతు వినిపిస్తూనే ఉంది. గాలి లేకపోతే గుండు తొట్టి దాటి పోయేదని మూడుసార్లు చెప్పాడు. ఆయన అంత బాధపడటం నేను చూసింది అదే మొదటిసారి.

నాన్నకు నూలు ఇచ్చే షావుకారు ఆ అతుకుల సరుకును తిప్పి తిప్పి చూసి తీసుకున్నాడు. ఇంకోసారి ఇలా వస్తే నూలు పక్క వీధికి పోతుందన్నాడు. నాన్న దగ్గర ఇంకొక పడుగు ఉంది. దాని వంతు రెండు వారాల తరువాతి ఆదివారం. అమ్మతో చెప్పాను, బావను ఆ రోజు కర్ర తేవద్దని చెప్పమని.

"అల్లుడితో ఆ మాట ఎట్ల చెప్పేది? ఊరు నవ్వతాది," అంది.

ఊరు అప్పటికే నవ్వుతోందని నేను చెప్పలేదు. నాకు మాటలు మనసులో వరసగా వస్తాయి, నోటి దాకా వచ్చేసరికి వెనక్కి పోతాయి. రాత్రి డైరీలో రాసుకుంటే అక్కడ మాత్రం నేను చాలా ధైర్యవంతురాలిని.

మధ్యలో వచ్చిన ఆదివారం బావ మమ్మల్ని కూడా పందేనికి తీసుకువెళ్లాడు. ఆడిలో మొగుడూ పెళ్లాలు కలిసి తిరగకూడదు కానీ, నాన్నా, నేనూ, బావ స్నేహితులూ చుట్టూ ఉంటే అది కలిసి తిరగడం కిందికి రాదని అమ్మ తేల్చింది. మదరాసు దాటి దక్షిణంగా, సరుగుడు తోటల వెనక ఒక ఇసుక ఒడ్డు. నాన్న సముద్రాన్ని చూడటం అదే మొదలు. పంచె ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, "గంజి పొంగినట్టుండాది గదమ్మా," అన్నాడు. ఆ రోజు ఎవరైనా చెప్పిన మంచి మాట అదొక్కటే.

మిగిలినవన్నీ మీటర్లు. ఒకరు విసరడం, మిగిలినవాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం, తరువాత తగువు. అందరికంటే దూరం పోయింది మాత్రం బావ గుండే. దారం తెగి, ఒంటరిగా, పక్షిలా పోయింది. తెగిన గుండు లెక్కలోకి రాదట. దాని కోసం వాళ్లు కాసేపు కొట్టుకున్నంత పని చేశారు. అప్పటి దాకా ఒక్కరికీ ఒక్క చేపా పడలేదు.

నేను ఇసుకలో కూర్చుని నీళ్లను చూస్తున్నాను. దూరంగా ఒక తెల్లటి నురగ వరస, ఒడ్డు దగ్గర ఇంకొకటి, రెండింటికీ మధ్య ముదురు రంగు నీళ్లు. అలలు అడుగున ఇసుకను తవ్విన చోట కాలువలాంటి లోతు ఏర్పడుతుందనీ, చేపలు మేత కోసం అందులోకే వస్తాయనీ లైబ్రరీలో ఏదో పుస్తకంలో చదివాను. వీళ్లంతా దాన్ని దాటించి దాటించి విసురుతున్నారు.

చివరికి బావ వేలు జారింది. గుండు దగ్గరి నురగ అవతలే, ఆ ముదురు నీళ్లలో చప్పున పడింది. స్నేహితులు పగలబడి నవ్వారు. బావ వాళ్లవైపు తిరిగి, వేలు ఎందుకు జారిందో వివరిస్తున్నాడు. వెనక కర్ర కొస వణకడం అక్క చూసింది.

"ఏమండీ, కర్ర!"

జానెడు పొడవు, సన్నగా, వెండిలా మెరిసే కెళంగా చేప.

"అద్దీ!" అన్నాడు బావ. "ఇది దూరం చేప. ఇందాకటి నా ఎర వాసన పట్టుకుని ఈడి దాకా వచ్చినాది."

దాన్ని కెమెరాకు దగ్గరగా చెయ్యి చాచి పట్టుకున్నాడు. ఫొటోలో అది ఆయన తలకంటే పెద్దగా ఉంది.

తిరిగి వస్తుంటే కారు నడుపుతూ అన్నాడు, "మామా, వచ్చే ఆదివారం మీ వీధిలో గట్టిగా ప్రాక్టీసు చెయ్యాల. ఇంకా ఇరవై మీటర్లు రావాల."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. ఆయన గొంతులో "సరి నాయనా" తయారవుతుండటం పక్కన కూర్చున్న నాకు తెలుస్తోంది. అది బయటికి వస్తే పడుగు పోయినట్టే.

"బావా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "చేప దగ్గిర్నే కదా పడింది?"

బావ అద్దంలో నుంచి నా వైపు చూశాడు.

"ఓహో! మా మరదలికి మాటలు గూడా వస్తాయా?"

"దగ్గిర్నే పడింది," అంది అక్క, ముందు సీట్లో నుంచి. "నేను చూసినా."

"నీకేం తెలుసు? అది..."

"ఆదివారం వీధిలో పడుగు ఉండాది నాయనా," అన్నాడు నాన్న.

"దానికేం మామా, నేను పక్కన నిలబడి..."

"పడుగుకు పక్క ల్యాదు నాయనా. వీధంతా అదే."

కాట్పాడి వచ్చే దాకా అవమానం జరిగిన మనిషిలా బావ అనవసరంగా హారన్ కొడుతూ నడిపాడు.

ఆదివారం ఆయన కర్ర లేకుండానే వచ్చాడు. విందు తిన్నాడు, కోడికూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తరువాత వీధిలోకి వెళ్లి, ఆరుతున్న పడుగు పక్కనే నిలబడి, అవ్వకూ చుట్టుపక్కల వాళ్లకూ చేప కథ మొదలుపెట్టాడు. కథలో గుండు తొట్టి దాటింది, వీధి దాటింది, బస్టాండు వైపు వెళ్తోంది. అంత దూరం చూపించడానికి రెండు చేతులూ బారగా చాచాడు.

అమ్మ గంజి గిన్నెతో గడపలోకి వచ్చింది. ఒక క్షణం చూసింది.

"అల్లుడూ," అంది, వీధి మొత్తానికి వినపడేలా. "ఆ చేతులు దించండప్పా. పోగులకు తగులుతాయి."