గాగుల్స్ పెట్టుకుని పెళ్ళిచూపులకు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల నాటి రోజులేం కావు, డ్రోన్ లేని పెళ్ళి పెళ్ళే కాదని మా తొర్రూరు చుట్టుపక్కల జనం అప్పుడప్పుడే నమ్మడం మొదలుపెట్టిన రోజుల్లో, నేనొక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. అంతకుముందు పెళ్ళికి వచ్చినవాళ్ళు పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ చూసేవాళ్ళు. డ్రోన్ వచ్చాక అందరూ తలలెత్తి ఆకాశం చూడసాగారు, పెళ్ళికొడుకుతో సహా. (ఒకాయన అట్లా పైకి చూస్తూనే జీలకర్ర బెల్లం పిల్ల తలకు బదులు మంత్రాలు చదువుతున్న అయ్యగారి చేతికి అంటించాడు. ఆ ముక్క మేం వీడియోలో కత్తిరించేశాం.) తీరా ఆ డ్రోన్ తీసినదాంట్లో ఏముంటుందయ్యా అంటే బట్టతలలు, షామియానా పైకప్పు, వంటల దగ్గరి పొగ. అయినా సరే, వంట ఎవరు చేస్తున్నారని అడగడం మానేసి డ్రోన్ ఉందా అని అడగడం నేర్చుకున్నారు మనవాళ్ళు.

మా స్టూడియో యజమానిని అందరూ లైటింగన్న అనేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి కూడా "లైటింగ్ సరిపోతలేదు" అని విసుక్కునే మనిషి ఆయన. డ్రోన్ నడిపే పని నాకు అప్పగించాడు. మొదట్లో నేను రిమోట్‌కు ట్యాబ్ బిగించి, దాని తెర చూస్తూ ఎగరేసేవాణ్ణి. ట్యాబ్‌తో చిక్కేమిటంటే, అది నడిపేవాడిది కాదు, పెళ్ళివారందరిదీ. నా రెండు భుజాల మీదా ఎవరో ఒకరి గడ్డాలు ఆనుకొని ఉండేవి. "మా తోడల్లుడు వచ్చిండా రాలేదా, జర గా బంతి దిక్కు తిప్పు" అని ఒకరు. "గాడ మా కోడలు లెక్కనే ఉన్నది, ఎవలతోని మాట్లాడుతుందో కిందికి దించు" అని ఇంకొకరు. ఒక పెద్దమనిషైతే, తనతో మాటల్లేని అన్న భోజనాల్లో ఎక్కడ కూర్చున్నాడో నా ట్యాబ్‌లో చూసుకొని, ఆ బంతి లేచాకే తినడానికి వెళ్ళాడు. మరొకాయన తమలపాకుకు సున్నం రాసిన వేలు అట్లాగే తెరకు ఆనించి "గీడున్నడు సూడు" అన్నాడు. ఆ నొక్కుడుకు కెమెరా గిర్రున తిరిగి, తలంబ్రాలు పోసేటప్పుడు పక్కింటి దాబా మీద ఆరేసిన బట్టలను తీసింది.

అందుకని గాగుల్స్ కావాలని లైటింగన్న ప్రాణం తీశాను. కళ్ళకు డబ్బాలా పెట్టుకుంటే పైనున్న కెమెరా చూసేదంతా లోపల కనిపిస్తుందని, ఎండ పడదని, ఎవడి గడ్డమూ మీద పడదని చెప్పాను. ఇవి పైకి చెప్పిన కారణాలు. అసలు కారణం, అవి పెట్టుకుంటే నేను అంతరిక్షంలోకి పోయేవాడిలా ఉంటానన్న నమ్మకం. లైటింగన్న మాత్రం మెత్తబడలేదు.

"ట్యాబయితే పెండ్లోల్లు సూసి మురుస్తరు. నువ్వొక్కనివే సూసుకుంట నిలవడితే వాళ్ళకేమొస్తది? పైంగ, గవి పెట్టుకుంటే నీ కాళ్ళకాడ ఏమున్నదో నీకే తెల్వది. పక్కన ఒక మనిషి ఉండాలె."

"ఎవ్వలద్దన్నా, నేను సూసుకుంట."

"కండ్లు మూసుకున్నంక ఏంతోని సూసుకుంటవ్‌రా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు కానీ, నా పోరు పడలేక గాగుల్స్ తెప్పించాడు.

సరిగ్గా అప్పుడే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి నాకో సంబంధం వచ్చింది. మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిల్లగాణ్ణి ఇంటికొచ్చి చూసే ముందు, చెప్పాపెట్టకుండా ఎవరి పెళ్ళిలోనో ఓ పక్కన నిలబడి చూసిపోతారు. ఇంట్లో చాప మీద కూర్చోబెడితే ఎవడైనా బుద్ధిమంతుడే, పదిమందిలో ఎట్లా నడుస్తాడన్నదే పరీక్ష. ఇదంతా రహస్యం. ఆ రహస్యం మా అమ్మకు ముందే అందింది. "మరిపెడ పెండ్లికి పిల్ల నాయినమ్మ వస్తదట. జర మంచిగ కనవడు బిడ్డా. గా పిల్ల ఫోటో నీకు నచ్చింది గదా" అంది. నచ్చడం అన్నది చిన్నమాట. వందల పెళ్ళికూతుళ్ళ ముఖాలు కెమెరాలో చూసినవాణ్ణి, ఆ ఒక్క ఫోటో ముందు మాత్రం కదలలేకపోయాను. ఈ సంబంధం తప్పితే ఇక పెళ్ళే వద్దనుకునేదాకా పోయింది నా పరిస్థితి. మరి ఆ నాయినమ్మ కంటికి మంచిగా కనిపించడమెట్లా? గాగుల్స్ ఉండగా ఇంకేం కావాలి?

మరిపెడలో ఎదురుకోళ్ళు. పెళ్ళికూతురు తరఫువాళ్ళు మేళంతో ఎదురెళ్ళి పెళ్ళికొడుకును తీసుకొస్తున్నారు. నేను రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, గాగుల్స్ తగిలించి, డ్రోన్ లేపాను. ఊరంతా నా కళ్ళకింద పరుచుకుంది. జనం మీదుగా తిప్పి తెస్తుంటే రోడ్డు పక్కన ఒక వింత మనిషి కనిపించాడు. కుర్చీ ఎక్కి, మోకాళ్ళు వంచి, నోరు తెరుచుకొని, కళ్ళకు నల్లగా ఏదో కట్టుకొని ఉన్నాడు. ఎవడో పాపం కండ్ల ఆపరేషన్ చేయించుకుని దవాఖాన నుంచి నేరుగా పెళ్ళికొచ్చాడనుకున్నాను. ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలావిడ ఒకామె వాడి ముందుకొచ్చి, చూపుందో లేదోనని వాడి ముఖం ముందు చేయి ఆడిస్తోంది. వాడు కదిలితేనా? నాకు నవ్వాగలేదు. నేను నవ్వుతుంటే వాడి భుజాలు కూడా ఊగాయి. (అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.) ముసలావిడ వాడి మోచేయి పట్టుకుంది. అదే క్షణంలో నా మోచేయి ఎవరో పట్టుకున్నారు.

"దిగు బిడ్డా, మెల్లగ. గీ కుర్చీ నిన్ను ఎవలెక్కిచ్చిండ్రు? మేళమొస్తున్నది, తొక్కుతరు."

"అవ్వా, ఇడువు. పైన డ్రోన్ ఉన్నది."

"ఉండనీ బిడ్డా. గీ రాయి జర దాటు, గిట్ల రా."

చేతిలో రిమోట్, కళ్ళముందు ఆకాశం, కాలికింద ఏముందో తెలియదు. పసిపిల్లాడిలా ఆమె వెంట నడిచాను. నీడలో నిలబెట్టి, "ఎవలి పిల్లగానివి?" అని అడిగింది.

"తొర్రూరు కిరాణం దుకాణపోల్ల కొడుకును."

మోచేతి మీద చేయి ఆగిపోయింది. తర్వాత మెల్లగా వదిలేసింది. నేను గాగుల్స్ తీసేసరికి ఆకుపచ్చ చీర జనంలో కలిసిపోయింది. డ్రోన్ మాత్రం పైన కదలకుండా నిలబడి అంతా తీస్తూనే ఉంది. ఆ సాయంత్రం లైటింగన్న ఆ వీడియో మొత్తం చూసి, "పెండ్లికొడుకు కంటె నువ్వే ఎక్కువ వచ్చినవ్ గదరా" అన్నాడు. వీడియో ఇంకోసారి మొదటికి తిప్పి, "లైటింగ్ మాత్రం మంచిగున్నది" అన్నాడు.

మర్నాడు ఘన్‌పూర్ నుంచి అమ్మకు ఫోనొచ్చింది. "పిల్లగాడు నెమ్మదస్తుడే, చెయ్యి వట్టి నడిపిస్తే మంచిగ నడిచిండు. గని చూపు లేదన్న ముచ్చట మాకెందుకు దాస్తిరి?" అమ్మ నన్ను తిట్టవలసినవి తిట్టి, అవి మిషిని అద్దాలని, మావాడి కండ్లు మంచిగున్నయని గంటసేపు మొత్తుకుంది. నాయినమ్మ నమ్మలేదు. "గట్లయితే ఒకపారి రమ్మను. నేనే సూస్త" అంది.

వెళ్ళాను. మంచినీళ్ళయినా ఇవ్వకుండా సూదీ దారం నా చేతిలో పెట్టింది. చెట్ల కొమ్మల సందుల్లోంచి డ్రోన్ పోనిచ్చినవాణ్ణి, దారం సూదికి కుడిపక్క నుంచి పోనిచ్చాను, ఎడమపక్క నుంచి పోనిచ్చాను. బెజ్జంలోకి మాత్రం పోలేదు. నా కథ అయిపోయిందనుకున్నాను. అవ్వ తన కొడుకు, అంటే పిల్ల తండ్రి, వైపు తిరిగి, "నేన్ జెప్పలే?" అంది. అప్పుడు తలుపు దగ్గరి నుంచి ఆ ఫోటోలోని పిల్ల, "అవ్వా, గాయిన సూది దిక్కు సూస్తేగద" అంది.

మా పెళ్ళికి లైటింగన్న ట్యాబ్‌తోనే డ్రోన్ ఎగరేశాడు. ఆయన భుజం మీద గడ్డం ఆనించి, "గా పిల్లగాని దిక్కు తిప్పు, సక్కగ నడుస్తున్నడా" అని నాయినమ్మ చివరిదాకా అజమాయిషీ చేసింది.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది, ట్యాబే వాడతాను. భుజాల మీద గడ్డాలు పడితే పడనిస్తాను. నాయినమ్మ పోయింది. ఆ మరిపెడ వీడియోను మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తుంది, నేనూ కూర్చుని చూస్తాను. ఊరంతా కనిపిస్తోందని కుర్చీ ఎక్కి మురిసిపోతూ, తన చేయి పట్టుకున్నది ఎవరో కనిపించని ఆ ఘనుణ్ణి చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ అవ్వ వాణ్ణి నీడలోకి తెచ్చి నిలబెట్టగానే వీడియో ఆపేస్తాను. ఆ తర్వాత ఆమె చేయి వదిలేస్తుంది, అది చూడబుద్ధి కాదు.