తిడుతూ నీళ్లు పోసిన మనిషి

మా ఊళ్లో బత్తాయి తోట ఆమె అంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లు మంట. కొమరోలు పోయే దారిలో, మేం గొర్రెలు మేపే బీడు పక్కనే ఆమె తోట. మా గొర్రెలు ఒకసారి గట్టు దాటి ఆమె కందిచేలో పడ్డాయని, బస్సు ఎక్కబోతున్న నాయనను నలుగురిలో నిలబెట్టి, మా తాతముత్తాతలను కూడా కలిపి తిట్టింది. నాయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆమె ఎదురైతే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆమె నాకంటే ముందే తిప్పుకునేది.

అయితే ఆమెకంటే ఎక్కువగా నా కడుపు మండించిన మనిషి మా ఊరి కాంట్రాక్టరు. సర్పంచి కావాలని ఆయనకు మహా ఆశ. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు తెప్పించి, దాని చుట్టూ తన ఫొటో ఉన్న ఫ్లెక్సీ కట్టించేవాడు. బిందె నిండాక ఆడవాళ్లు దాని పక్కన నిలబడి నవ్వాలి. ఆయన మనిషి సెల్లులో ఫొటో తీస్తాడు. నవ్వు సరిగ్గా రాకపోతే మళ్లీ నవ్వమంటాడు. తాగడానికి నీళ్లు లేక వచ్చినవాళ్ల చేత నవ్వించడం కూడా సేవేనట!

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో వాగు గుంటలన్నీ ఎండిపోయాయి. మా ఇంటికి ఆధారం గొర్రెల మందే. ఆ మందకు నీళ్లు లేవు. కోతకు గొర్రెలను కొనే గిద్దలూరు బేరగాడు రోజూ మా ఇంటి ముందు బండి ఆపి, నాయనను పలకరించి పోయేవాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మంద మొత్తం అడ్డికి పావుసేరు లెక్కన తన చేతికి వస్తుందని వాడి ధీమా.

నాయన కాంట్రాక్టరు దగ్గరికి పోయాడు.

"సామీ, జీవాలకు ఒక ట్యాంకరు పోయించు. నోరు లేనివి, సచ్చిపోతాండాయి."

ట్యాంకరు ఒక్కటే ఏంది, కొత్త సిమెంటు తొట్టే కట్టిస్తానన్నాడు ఆయన. కట్టించాడు కూడా. లోపలా బయటా తన పార్టీ రంగు పూయించి, ముందువైపు తన పేరు రాయించాడు. ప్రారంభోత్సవానికి మందను తోలుకురమ్మని, అంతవరకు గొర్రెలకు చుక్క నీళ్లు కూడా చూపించవద్దని కబురు పెట్టాడు. ఎగబడి తాగితే వీడియో బాగా వస్తుందట.

రంగు సరిగ్గా ఆరకముందే నీళ్లు నింపారు. మేళం మోగింది. గొర్రెలు పరుగెత్తుకుంటూ వచ్చి తొట్టిలో మూతి పెట్టి, ఆ రంగు వాసనకు ఒక్కసారిగా వెనక్కి తగ్గాయి. నాయన ఎంత ఈల వేసినా ఒక్కటీ తాగలేదు. గొర్రెలు కాసే ఊళ్లో పుట్టి, జీవం ముందు వాసన చూశాకే నీళ్లు ముడుతుందని తెలియని మనిషి మాకు పెద్ద అవుతాడట!

"ఏందబ్బా, నీ గొర్లకు ఇంత పొగరా?" అన్నాడు నాయనతో, వీడియో ఇంకా తీస్తుండగానే. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్విన మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

వేరే దారి లేక నాయన మందను బత్తాయి తోట వైపు తోలాడు. నేను వద్దంటే వద్దన్నాను. గేటు దగ్గర ఆమె నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏ మొగం పెట్టుకుని వచ్చినావురా? నా చేను మేపింది చాల్లేదా?"

"జీవాలు నిలబడేట్టు లేవక్కా," అన్నాడు నాయన.

ఆమె తిట్లు ఆపకుండానే పోయి మోటారు వేసింది. చెట్లకు పోయే పైపు పీకి, గట్టు పక్క పాత తొట్టిలోకి తిప్పింది. "రేపటినుంచి కరెంటు వచ్చేటప్పటికి తోలుకొని రా. లేటుగా వచ్చినావంటే కాళ్లిరగ్గొడతా," అంది. అది విని మిగతా మందల వాళ్లూ వచ్చారు. అందరినీ తిట్టింది, అందరికీ పోసింది. తన చెట్ల ఆకులు ముడుచుకుని పిందెలు రాలుతున్నా పైపు వెనక్కి తిప్పలేదు. బేరగాడు మా ఇంటి ముందు బండి ఆపడం మానుకున్నాడు.

ఊరికే తీసుకోవడం నాయనకు నామోషీ. రాత్రిళ్లు గొర్రెలను చేలో పడుకోబెడితే భూమికి మంచి ఎరువు. దానికి రైతులు మాకు గింజలు ఇస్తారు. గింజలేమీ వద్దు, నీ చేలో మంద కడతానని ఆమెతో అన్నాడు.

"నాకేం కరువొచ్చింది? పక్కన కౌలుకు చేసేటోడు ఉండాడు, ఎరువు కొనలేనోడు. వాని చేన్లో కట్టు పో. నేను చెప్పినానని మాత్రం ఎవరితో అనొద్దు."

నాయన ఊరంతా చెప్పాడు. నాకు ఇంకా ఒళ్లు మండింది. ఇంత చేసే మనిషి నోటి వెంట ఒక్క మంచి మాట ఎందుకు రాదు? కాస్త మెత్తగా మాట్లాడి ఉంటే నేను కూడా నలుగురితో పాటు మెచ్చుకుని హాయిగా ఉండేదాన్ని. ఇప్పుడు తిట్టుకోవడానికీ వీల్లేదు, మెచ్చుకోవడానికీ నోరు రాదు.

ఇంకా వానలు పడకముందే ఆమె మోటారు కాలిపోయింది. మందలన్నిటికీ నీళ్లు తోడీ తోడీ కాలింది. అది బాగు కాకపోతే ఆమె తోట ఎండిపోతుంది, మా మంద బేరగాడి పాలవుతుంది. బోరులోంచి మోటారును పైపులతో సహా లాగాలంటే మనుషులు కావాలి. ఆమె ఎవరినీ పిలవలేదు. పొద్దున్నే చూస్తే మందల వాళ్లు, కౌలు రైతు, ట్యాంకరు పక్కన నిలబడి నవ్విన ఆడవాళ్లు, అందరూ బోరు దగ్గరే ఉన్నారు.

"ఏమే, చదువుకున్నదానా, మోకు గట్టిగా పట్టుకో!" అని నా మీద కూడా అరిచింది. పళ్లు కొరుక్కుంటూ తాడు పట్టుకున్నాను. ఆమె లాగమంటే లాగాం, ఆగమంటే ఆగాం. ఒక్కరూ ఎదురు చెప్పలేదు.

అదే పూట కాంట్రాక్టరు ఎలక్షన్ల మీటింగు పెట్టుకున్నాడు. షామియానా వేశాడు, బిర్యానీ వండించాడు. తినడానికి మనుషులు లేరు. నాయన సెల్లు మోగింది. చేతులు ఖాళీ లేక, స్పీకరు పెట్టమని పక్కనున్న కౌలు రైతుతో చెప్పాడు.

"యాడుండావబ్బా? అందర్నీ తోలుకొని బిన్నా రా. ఊరికి పెద్దను, నేను పిలుస్తాంటే లెక్కలేదా?"

నాయన మోకు వదలకుండానే బదులిచ్చాడు.

"మా పెద్ద ఈడుంది సామీ. ఆమె పొమ్మంటే వస్తాం."

ఆ మాట ఆమెకు వినబడింది. పైపు మీదనుంచి చూపు తిప్పకుండానే అంది:

"మాటలాపి లాగండ్రా."