కోటు విప్పి వచ్చిన డాక్టరుగారు

బందరులో చాలాకాలం మానసిక వైద్యం చేసి, రిటైరై గుడివాడలో ఉంటున్న డాక్టరుగారు పోయారని పేపర్లో చూశాను. లోపలి పేజీలో నాలుగు లైన్లు. ఆయన చేతి చలవతో బాగుపడ్డవాళ్లు ఎందరో రాస్తారు. నేను రాసేది వేరు. మా తమ్ముడికి శిక్ష పడింది ఆయన రిపోర్టు మీదే.

దివిసీమలో సముద్రపు ఒడ్డున మా ఊరు. చేపలవేటే బతుకు. బాబాయి తన అన్నంలో విషం కలుపుతున్నాడని తమ్ముడికి భయం పట్టుకుంది. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టాను తప్ప ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. ఒకరోజు తమ్ముడు పడవ తెడ్డుతో కొట్టాడు. బాబాయి చనిపోయాడు.

తమ్ముడి మతి ఎలా ఉందో పరీక్షించి చెప్పమని కోర్టువారు డాక్టరుగారిని జైలుకి పంపారు. అలాంటి పనికి ఆయన తెల్లకోటు విప్పేసి వెళ్లేవారు. కోటు చూస్తే ఖైదీలు మందివ్వడానికి వచ్చానని నమ్మి మనసు విప్పేస్తారని ఆయన బెంగ. "బాబూ, నేను వైద్యానికి రాలేదు. నువ్వు చెప్పింది జడ్జిగారికి రాస్తాను. ఇష్టం లేకపోతే చెప్పకు" అని ఒకటికి మూడుసార్లు చెప్పారట. నెలల తరబడి నోరు విప్పని తమ్ముడు అంతా చెప్పేశాడు.

"ఎందుకొచ్చారో దాచకుండా చెప్పింది ఆయనొక్కరే అక్కా. తప్పని తెలిసే కొట్టానని కూడా చెప్పేశాను" అన్నాడు నాతో.

ఎండురొయ్యల సంచి పట్టుకుని డాక్టరుగారింటికి పరుగెత్తాను. "కేసు తేలేదాకా మీ చేతి మంచినీళ్లు కూడా తాగకూడదమ్మా" అని సంచి తిరిగిచ్చేశారు. ఆ ఒక్క ముక్క తీసెయ్యమని కాళ్లమీద పడ్డాను.

"జబ్బుందనీ రాశానమ్మా. ఈ ముక్కా అతను చెప్పిందే. నాకు కావలసిందే ఏరుకుని రాస్తే అది రిపోర్టు కాదు, వకాల్తా" అన్నారు. నేను నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

జబ్బున్నా తప్పని తెలిసే కొట్టాడు కదా అని కోర్టులో ఆ ముక్కే నిలిచింది. యావజ్జీవం వేశారు. తర్వాత తమ్ముడి మందుల కోసం జైలుకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది ఆయనే. ఆయన తప్పు చేశారని నేను అనలేను. ఒప్పని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లయినా మనసు రాదు. ఆయన్ని తిట్టినంత తేలిగ్గా, తాయెత్తు కట్టిన ఈ చేతుల్ని తిట్టుకోలేకపోయాను.

నిన్న ములాఖత్‌లో తమ్ముడికి ఆయన పోయిన సంగతి చెప్పాను.

"శిక్ష పడ్డ రోజు నీతో చెప్పి పంపాను కదక్కా, ఉన్నదే రాశారు, బాధపడొద్దని. అది ఆయనకి చెప్పావు కదూ?"

అటువైపు నుంచి ఇనప వలకంతల్లో వేళ్లు పెట్టి, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.