బెంచీ మీద కూర్చున్న మా కోటయ్య

దెయ్యాలున్నాయని చెప్పేవాళ్లను మొహం మీదే తిట్టే మనిషిని నేను. ముప్ఫై ఏళ్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేశాను. రాళ్లు మీదపడి పోయినవాళ్లను ఈ చేతులతో మోశాను. వాళ్లలో ఒక్కడూ తిరిగొచ్చి పలకరించలేదు. అందుకని దీన్ని నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కోటయ్య నా తమ్ముడు. అదే బట్టీలో మేస్త్రీ. ఆ సెగకు మేమంతా చొక్కాలు విప్పేసి పనిచేసేవాళ్లం. వాడు విప్పేవాడు కాదు. ఛాతీ దగ్గర ఆడవాళ్లకున్నట్టు కొవ్వు పెరిగింది వాడికి.

"ఏంది మేస్త్రీ, చొక్కాలో ఏం దాచావ్?" అని కూలీలు ఎగతాళి చేసేవాళ్లు. వాడు నవ్వేవాడు. ఇంటికెళ్లి అన్నం తినేవాడు కాదు.

నరసరావుపేటలో ఒక డాక్టరు గొట్టం పెట్టి కొవ్వు లాగేస్తాడని తెలిసి, ఇంట్లో చెప్పకుండా నన్ను తోడు తీసుకెళ్లాడు. పొద్దున ఆపరేషన్ చేసి, సాయంత్రం ఛాతీకి బిగుతు బెల్టు వేసి పంపేశారు. మూడో రోజుకు బెల్టు కింద ఒళ్లంతా నల్లబడింది. గుంటూరు తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది.

వాడికి గుండెలో స్టెంటు ఉంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు. ఆ సంగతి చూసుకోకుండా ఆపరేషన్ చేయకూడదని గుంటూరు డాక్టర్లు చెప్పారు. లోపల్లోపలే రక్తం కారి పోయాడు.

పెద్దకర్మ నాడు పిండం పెడితే కాకి రాలేదు. "నీ పిల్లల్ని మేం చూసుకుంటాం" అన్నారు చుట్టాలు. "నీ పెళ్లానికి ఏ లోటూ రానియ్యం" అన్నారు. గంటసేపు ఎండలో నిలబడ్డాం. చివరికి, ఆ డాక్టర్ని వదలను రా అని నేను మనసులో అనుకున్నాను. పైకి అనలేదు. వెంటనే కాకి వాలింది. ఏదో అలా కలిసొచ్చిందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున పదింటికి ఆ ఆసుపత్రికి వెళ్లాను. కొట్టడానికే వెళ్లాను. డాక్టరు తొణకలేదు. ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. 'మందులేమైనా వాడుతున్నారా' అన్నచోట 'లేదు' అని ఉంది. అడుగున నా సంతకం.

"ఇది మీదేగా పెద్దాయనా?"

నాదే. తోడొచ్చినవాళ్లు పెట్టాలంటే పెట్టాను. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కూడబలుక్కుని చదువుతుంటే పక్కవాళ్లు చూస్తారని సిగ్గుపడి, పేరు మాత్రం గుండ్రంగా రాసిచ్చాను. ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ నోటితో అడగలేదు. 'లేదు' అని రాసుకున్నది వాళ్లే. ఛాతీ కొవ్వుకూ గుండె మాత్రలకూ సంబంధమేముందని మేమూ చెప్పలేదు. బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను.

హాల్లో ముగ్గురు మగవాళ్లు వంతు కోసం కూర్చుని ఉన్నారు. కాసేపటికి వాళ్లలో రెంటచింతల ఆయన బయటికొచ్చి చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇక్కడొద్దులే పెద్దాయనా. మత్తు ఇచ్చేది వేరే డాక్టరా, ఈయనేనా అని అడగమన్నాడు ఆ మూల బెంచీ మీదాయన. కాంపౌండర్ని అడిగితే నీళ్లు నములుతున్నాడు."

వెనకే ఇంకొకతను వచ్చాడు. "ఆ బెంచీ మీదాయన నా పొట్ట నొక్కి చూశాడు బాబాయ్. ఇది గట్టి పొట్ట, కొవ్వు కండ లోపల ఉంది, గొట్టానికి రాదు, తిండి తగ్గించుకో పో అన్నాడు." అతని చొక్కా మీద నాలుగు వేళ్ల మేర సున్నం అంటి ఉంది.

మూడో ఆయన గుండె మాత్రలు వాడుతున్నాడు. "ముందు నీ గుండె డాక్టర్ని అడిగి రా. నీ అంతట నువ్వు మాత్రలు ఆపమాక" అన్నాడట ఆ బెంచీ మీదాయన.

"ఎట్టా ఉన్నాడయ్యా ఆయన?" అని అడిగాను.

"చానా లావు మనిషి. చొక్కా లేదు, ఛాతీకి బెల్టు కట్టారు. ఎడమ చెవి కాలిపోయినట్టుంది."

మా కోటయ్యకు బట్టీలో కాలిన చెవి అది. లోపలికి తొంగిచూశాను. మూల బెంచీ మీద ఎవరూ లేరు.

వంతు పిలిచినా ఎవరూ రాకపోయేసరికి డాక్టరే బయటికొచ్చాడు. బెంచీ వైపు చూసి ఆగిపోయాడు. ఎవరో ఏదో అడిగితే జవాబిచ్చినట్టు, "లేదండీ, నేను అడగలేదు" అన్నాడు. మళ్లీ, "అడగాల్సింది" అన్నాడు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. కాంపౌండరు లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

ఆ సాయంత్రమే షట్టరు దించారు. మళ్లీ తీయలేదు. పేటకు పనిమీద వెళ్లినప్పుడల్లా ఆ సందులోకి వెళ్లి చూసుకుంటాను. మూసిన షట్టరు చూస్తే నాకు కడుపు చల్లబడుతుంది. ఆ మాట దాచను.

కానీ ముక్కూమొహం తెలియని ముగ్గురికి కనిపించి, ఆ డాక్టరుకూ కనిపించినవాడు, పది అడుగుల దూరంలో నిలబడ్డ సొంత అన్నకు ఎందుకు కనిపించలేదో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.