సరస్సు ఒడ్డున మా షతరంజి

పాంగాంగ్ సరస్సును చూడగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఇదేనా?" అని. సినిమాలో చూసిన నీలం నీళ్లు ఉన్నాయి, కాదనను. కొండలూ ఉన్నాయి. కానీ నీళ్లకూ నాకూ మధ్య ఎర్ర గొడుగులు పట్టుకున్న జనం ఎంతమందని! ఆ సినిమా పాటలో హీరోయిన్ ఎర్ర గొడుగు తిప్పుతూ ఒడ్డు వెంట నడుస్తుంది. అందుకని అక్కడ గొడుగులు అద్దెకిస్తారు. లావుపాటి స్వెటర్ల మీద పల్చటి చీరలు చుట్టుకుని, కారుతున్న ముక్కులు తుడుచుకుని మరీ నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు ఆడవాళ్లు. మేడారం జాతరలో గద్దెల దగ్గర కూడా ఇంత తోపులాట ఉండదనిపించింది. ఇంతదూరం వచ్చి చూసేది ఇదా అని నాకు ఒళ్లు మండింది.

"ఏందే బిడ్డా, ఈడ గూడ లైనేనా?" అంది అమ్మ మంకీ క్యాప్ సర్దుకుంటూ.

బాపు మాత్రం నీళ్ల వైపు తల తిప్పలేదు. ఆయన కళ్లు ఒడ్డున ఉన్న టీ గుడారాల మీద ఉన్నాయి. మేము వరంగల్ నుంచి వచ్చింది సరస్సు కోసం కాదు, ఒక షతరంజి కోసం.

మాది కొత్తవాడ. కింద పరుచుకునే మందపాటి నూలు షతరంజీలు నేసే ఇల్లు. నేను హన్మకొండలో ఒక బడిలో పాఠాలు చెబుతాను గానీ, పుట్టింది పెరిగింది మగ్గం చప్పుడులోనే. ఆ సినిమా వచ్చినప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. పాటలో హీరో హీరోయిన్లు సరస్సు ఒడ్డున పరుచుకుని కూర్చున్న షతరంజిని చూసి, హాల్లో బాపు లేచి నిలబడ్డాడు. మెట్ల అంచు, ఎరుపు పక్కన పసుపు, మధ్యలో నెమలికంఠం రంగు. ఆ వరస మా ఇంటిది. వాడలో ఇంకెవరూ నెయ్యరు.

"అది నాదే! నేను నేసిందే!" అని అరిచాడు. వెనకవాళ్లు కూర్చోమని తిట్టారు. తర్వాత విచారిస్తే నిజమేనని తేలింది. అంతకుముందు ఏడాది మా చేనేత సంఘం ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు పంపిన వాటిలో ఒకదాన్ని సినిమావాళ్లు కొనుక్కుపోయారు.

ఇక చూడండి బాపు సంబరం. సంఘం ఆఫీసులో పిలిచి మెడలో పూలదండ వేశారు. పెళ్లికి పోయినా అదే ముచ్చట, చావుకు పోయినా అదే ముచ్చట. వాడంతా ఆయన్ను "సినిమాయన" అనడం మొదలుపెట్టింది. ఆ పేరు పదిహేనేళ్లయినా పోలేదు. నేనూ తక్కువ తినలేదు. కొత్తగా ఎవరు పరిచయమైనా ఆ పాట ఫోన్లో పెట్టి, సరిగ్గా ఆ చోట ఆపి, "మా బాపు నేసింది" అని చూపించేదాన్ని.

ఈ ఏడు మా బడిలో పనిచేసే ఒక టీచరమ్మ లద్దాఖ్ పోయివచ్చి ఫొటోలు చూపించింది. అందులో ఒక టీ గుడారం, దాని లోపల వేలాడుతూ మా షతరంజి. షూటింగ్ అయిపోయాక సినిమావాళ్లు అక్కడే వదిలేసి పోయారట. కింద చిన్న అట్టముక్క మీద సినిమా పేరు, హీరో పేరు రాసి ఉన్నాయి. ఆ ఫొటో చూసిన నాటి నుంచి బాపుకు అన్నం సయించలేదు.

"కూసున్నోని పేరుంది. నేసినోని పేరు లేకపాయె. పోయి రాపిచ్చుకొని వస్త బిడ్డా. పానం ఉండంగనే పోవాలె" అన్నాడు.

దవాఖానకు తీసుకుపోతే, బీపీ మనిషి, అంత ఎత్తుకు వద్దన్నాడు డాక్టరు. వద్దంటే ఊరుకునే మనిషైతే సినిమాయన ఎట్లా అవుతాడు? చివరికి నా సెలవుల్లో ముగ్గురం బయల్దేరాం. లేహ్‌లో రెండు రోజులు గదిలోనే ఉండి ఆ గాలికి అలవాటు పడ్డాం. మూడో రోజు దారిలో, కనుమ మీద బాపు పెదాలు నల్లబడ్డాయి. వెనక్కి పోదామంటే ఒప్పుకోలేదు. ఆక్సిజన్ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని, చేత్తోనే ముందుకు పొమ్మని డ్రైవరుకు సైగ చేశాడు.

అడుగుతూ పోతే గుడారం దొరికింది. నడిపేది నా వయసు ఆడమనిషి. నాకొచ్చిన హిందీలో సంగతి చెప్పగానే ఆమె మొహం విప్పారింది. బాపు చేతులు రెండూ పట్టుకుని కూర్చోబెట్టింది. ముగ్గురికీ వేడి వేడి టీ ఇచ్చింది. తర్వాత కొత్త అట్ట, నల్ల మార్కర్ పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, నేసిన మనిషి పేరు రాయమంది. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆగు బిడ్డా, ముందుగాల దాన్ని దించుమను. జర చూస్త" అన్నాడు.

మా వాడ మనుషులు ఏ బట్టనూ ముందువైపు చూడరు. పెళ్లిలో పట్టుచీర చూసినా కొంగు తిప్పి వెనక చూస్తే గానీ బాగుందనరు. ఎవరి పనో తెలిసేది అక్కడే. ఆమె షతరంజిని దించి ఇచ్చింది. బాపు దాన్ని ఒళ్లో పరుచుకుని తిరగేశాడు.

"ఇగ చూడు, మీ బాపు చెయ్యి ఎట్లుంటదో చూపిస్త" అని మగ్గం మీద కుడివైపు ఉండే అంచు వెంట వేళ్లు పోనిచ్చాడు. కొస దాకా తడిమాడు. మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి తడిమాడు. తర్వాత ఎడమ అంచు మీదికి పోయాడు. అక్కడ ఆయన వేళ్లు ఆగిపోయాయి.

షతరంజిలో రంగు మారినప్పుడల్లా కొత్త దారపు కొసను అంచులోకి మడిచి దాచాలి. బాపుది కుడిచేతి వాటం. ఆయన నేసినదాంట్లో ఆ కొసలన్నీ కుడి అంచులోనే ఉంటాయి. దీంట్లో కుడివైపు ఒక్కటీ లేదు. అన్నీ ఎడమవైపే ఉన్నాయి.

మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరిదే. నేను అమ్మ వైపు తిరిగాను. టీ ఊదుకుంటూ కూర్చుంది. గ్లాసు ఎడమచేతిలో ఉంది.

"ఇది నేను నెయ్యలే" అన్నాడు బాపు.

"నువ్వు నెయ్యలే" అంది అమ్మ. "నీకు కామెర్లయి మంచంల ఉంటివి గద. సంఘపోళ్లు మాల్ అడుగుతాన్రని నేనే కూసున్న."

"నువ్వు ఒక్కటి నేసినవనుకున్న. గదీ చిన్నది."

"నాలుగు నేసిన. అన్నీ పెద్దయే."

సినిమాలోది నీదని నీకెప్పుడు తెలిసిందని అమ్మను అడిగాను.

"సినిమాల చూసిననాడే" అంది. "పసుపు నూలు తక్కువపడితే ఒక దగ్గర లేతది కలిపిన. గంత పెద్ద తెర మీద కనవడుతాంటె నాకు తెల్వదా?"

"మరి చెప్పలేదేంటమ్మా?"

"చెప్దామనేవరకే మీ బాపు నిలవడి ఒర్రుతాండు. తెల్లారి దండేసిన్రు. దండేసినంక ఏం చెప్పాలె?"

నాకు బాపు మీద కోపం ముంచుకొచ్చింది. అబద్ధం ఆడలేదు, నిజమనుకునే చెప్పుకున్నాడు. అయినా పదిహేనేళ్లలో ఒక్కసారి ఆమెను అడగాలనిపించలేదా? ఆ మాట అనబోయాను. అంతలో ఒక సంగతి గుర్తొచ్చి నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

ఆ రోజుల్లో మగ్గానికి నూలు కండెలు చుట్టింది నేను. మామూలుగా అది అమ్మ పని. ఇంటర్ పరీక్షలప్పుడు నా మీద పడింది. ఒళ్లో ఫిజిక్స్ పుస్తకం పెట్టుకుని, రాట్నం తిప్పుతూ ఏడ్చాను. ఆ కష్టాన్ని బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. చుట్టిన కండెలు తీసుకుపోయి ఎవరి చేతికిచ్చానో మాత్రం ఏనాడూ చెప్పలేదు. మంచంలో బాపు, మగ్గం మీద అమ్మ. నా కళ్లతో నేను చూసిందే. ఏడాది తిరిగేసరికి దాన్ని మింగేసి, అందరికంటే గట్టిగా "మా బాపు నేసింది" అని చెప్పింది నేనే. కామెర్లతో పడి ఉన్న బాపుకు తెలియదంటే అర్థముంది. నాకేమైంది? అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

మా తెలుగు అర్థంకాక ఆ గుడారం ఆమె ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూస్తోంది. మార్కర్ నా చేతికిచ్చి, పేరు రాయమని మళ్లీ అడిగింది.

"వద్దు తియ్యి. ఏం రాయకు. పోదాం పా" అన్నాడు బాపు. తల వంచుకునే ఉన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. సరే పోదామనే అనుకున్నాను. అమ్మ కూడా ఎప్పట్లాగే సర్దుకుంటుందనుకున్నాను.

అమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఎందుకు పోవుడు? రాయి బిడ్డా. నా పేరు రాయి."

బాపు తలెత్తి చూశాడు. ఆయన్ను చూడలేక నేను మధ్యలో దూరి, "ఇద్దరివీ రాయనా అమ్మా?" అన్నాను.

"ఇద్దరం నేసినమా?" అంది అమ్మ.

ఆమె అంత మాట అనడం నేను ఎన్నడూ వినలేదు. అమ్మ పేరొక్కటే రాశాను. బాపు నా చేతిలోంచి అట్ట తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత లేచి షతరంజిని తనే వేలాడదీసి, దాని కింద అట్టను గుచ్చాడు. ఫొటో తీస్తానంటే వద్దన్నాడు.

కారు దాకా ముగ్గురం నడిచాం. ఎక్కేముందు బాపు తలుపు పట్టుకుని ఆగి, అమ్మను అడిగాడు.

"తక్కిన మూడు ఏడున్నయో?"

"ఎవలింట్లనో" అంది అమ్మ. "కింద పరుసుకొని తొక్కుతాన్రు గావచ్చు."