మాస్టారి మెయిల్లో పెరిగిన ఉత్తరం

మా కాలేజీల్లో ఒక పద్ధతి ఉంది. పై చదువుకి అప్లై చేసుకునేవాడు రికమెండేషన్ లెటరు కోసం మాస్టారి దగ్గరికి వెళ్తే, "నువ్వే రాసి పట్టుకురావయ్యా, సంతకం పెడతాను" అంటారు. అడిగినవాడికీ అన్నవాడికీ అందులో తప్పేమీ కనపడదు. నా గురించి నేను రాసుకున్న మొదటి లెటరులో "వెరీ" అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. మా బోటనీ మాస్టారు ఎర్ర పెన్నుతో ఆ పదకొండూ కొట్టేశారు.

"నీ గురించి నీకంటే ధైర్యంగా అబద్ధాలు ఇంకెవడు చెప్తాడయ్యా!" అని నవ్వి, కింద సంతకం పెట్టారు.

అప్పటికి ఆయన రిటైరై రాజమండ్రి ఇన్నీసుపేటలో ఉంటున్నారు. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ సీటు కోసం తిరుగుతున్నాను. లెటరు కాగితం మీద కుదరదు, రాసిన మాస్టారి మెయిల్ నుంచే రావాలని యూనివర్సిటీల వాళ్లు అనేవారు. ఆయనకి మెయిల్ లేదు. "ఆ గోలేదో నువ్వే చూసుకో" అన్నారు. ఆయన పేరు మీద నేనే తెరిచాను. అలా మాస్టారి తరఫున ఉత్తరాలు పంపేదీ నేనే, వాటికి వచ్చిన జవాబులు చదివేదీ నేనే అయ్యాను.

ఆ ఏడాది ఐదు చోట్ల అప్లై చేశాను. మూడు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకచోట చింతిస్తున్నామని రాశారు. ఐదోచోట ఇంటర్వ్యూకి పిలిచి వెయిటింగ్ లిస్టులో రెండో పేరుగా పెట్టారు. ఆ లిస్టు కదల్లేదు. మా స్టాఫ్ రూములో ఫిజిక్సాయన రోజూ నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "రండి డాక్టరు గారూ! సీటొచ్చిందాండీ?" అనేవాడు. వచ్చింది గానీ గైడు నచ్చక వదిలేశానని ఒకరోజు చెప్పేశాను. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు శ్రావణంలో మాస్టారు పోయారు. చివరి నెలల్లో ఆయనకి ఊపిరి సరిగ్గా అందేది కాదు. మాట మాటకీ మధ్య ఆగేవారు. పన్నెండో రోజు భోజనానికి నేనూ వెళ్లాను.

ఆ తర్వాతి వారమే ఉత్తరాదిలోని ఒక పెద్ద సంస్థ నోటిఫికేషన్ వచ్చింది. మడ అడవుల మీద పనిచేసే లాబులో ఒక్కటే సీటు. వయసు లెక్కన నాకు అదే ఆఖరి అవకాశం. లెటర్లకి ముగ్గురి పేర్లివ్వాలి. ఇద్దరు దొరికారు. మూడో గడిలో మాస్టారి పేరు పెట్టాను. మడ మొక్కల మీద పనిచేసినవాళ్లకి ఆయన పేరు తెలుసు. ఇంకెవరి పేరు పెట్టినా అంత బరువుండదు.

ఆఫీసు నుంచి మెయిల్ ఆయన పేరు మీదికి వచ్చింది. ఈ అభ్యర్థి గురించి మీ అభిప్రాయం దీనికే జవాబుగా పంపండి అని. మధ్యాహ్నం క్లాసులు లేని వేళ, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు, ఆయనగా కూర్చుని నా గురించి రాశాను. "వెరీ" ఒక్కటి కూడా రానివ్వలేదు. పాత లెటరు లాగే ఉందని అనుమానం రాకుండా కొత్తగా ఒక వాక్యం కలిపాను. "పోయిన వారం కూడా ఈ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు." నిజమే, వెళ్లాను. అందరితో పాటు విస్తరి ముందు కూర్చున్నాను. ఆ వాక్యంలో రాసినవాడు తప్ప అంతా నిజమే. పంపించాక గదిలో నాతో పాటు ఇంకెవరో ఉన్నట్టనిపించి తలుపు తీసి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను.

నాలుగు రోజుల తర్వాత అదే మెయిల్‌లోకి అదే ఆఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి మా జూనియర్ అమ్మాయి గురించి. ఆమె కాకినాడలో ఒక చర్చి స్కూల్లో టీచరు. లెటరు రాసి ఉంచానని మాస్టారు బతికుండగానే చెప్పారట, ఆ ధైర్యంతో ఆయన పోయాక కూడా ఆయన పేరే ఇచ్చింది. ఆ ఒక్క సీటుకే ఆమె కూడా.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మాస్టారి మెయిల్ తెరిచింది మీరే కదండీ? నా లెటరు రాసి ఉంచానన్నారు, అందులో ఉందేమో కాస్త చూస్తారా?"

"పాస్‌వర్డు మర్చిపోయానమ్మా."

"అయ్యో. ఇప్పుడు ఇంకొకరి పేరు పెడదామంటే ఫారం ఒప్పుకోవట్లేదండీ."

"కంగారు పడకు. కావాలంటే వాళ్లే అడుగుతారు."

"అంతేనంటారా?"

"అంతే."

వాళ్లు అడగరని నాకు తెలుసు. లెటరు రాకపోతే అప్లికేషన్ పక్కన పడేస్తారు. ఆమె గురించి వచ్చిన మెయిల్‌ని నేను తెరవలేదు. తెరవకపోతే పాపం లేదన్నట్టు, చదవనిదిగానే వదిలేశాను.

రెండు రోజుల తర్వాత చూస్తే అది చదివినట్టుంది.

వేలు తగిలిందేమో అనుకున్నాను. ఆ మర్నాడు దాని కింద పంపకుండా ఉంచిన జవాబు ఒకటి కనపడింది. ఇంగ్లీషులో ఒకే వాక్యం. పెద్దక్షరాలు లేవు, చుక్కలు లేవు.

"నేను ఈ అమ్మాయిని మూడేళ్లు చూశాను"

నేను రాయలేదు. ఆ మెయిల్ పాస్‌వర్డు తెలిసిన మనిషి నేను కాక ఇంకొకరే ఉన్నారు, ఆయన్ని మేం ధవళేశ్వరం దగ్గర గోదావరిలో కలిపి వచ్చాం.

మర్నాడు ఇంకో వాక్యం చేరింది. "తన గురించి తననే రాసుకురమ్మంటే అది తన పని కాదంది" ఆ పై రోజు మరొకటి. "ఇన్నేళ్లుగా పిల్లల చేత నేను చేయించినదేంటో అప్పుడు తెలిసింది" రోజుకి ఒక్క వాక్యం. అదీ మధ్యాహ్నమే. ఒకసారి నేను చూసేసరికి సగం వాక్యమే ఉంది. కాసేపాగి మళ్లీ తెరిస్తే రెండు మాటలు పెరిగాయి. చుక్కలు లేకుండా, మాటకీ మాటకీ మధ్య ఎక్కువ ఖాళీలతో ఉన్న ఆ ఇంగ్లీషు, ఊపిరి అందని మనిషి ఆగి ఆగి చెబుతున్నట్టే ఉంది. "వెరీ" ఎక్కడా లేదు. ఎండ ఫెళ్లున కాసేది, పక్క క్లాసులో పిల్లలు గోల చేసేవారు, నేను మాత్రం కుర్చీ తలుపు వైపు తిప్పుకుని కూర్చునేవాణ్ణి.

నాలుగో రోజు వచ్చింది ఇది.

"కోరంగిలో నీళ్లు వెనక్కి తీసినప్పుడు మడ వేళ్ల నమూనాల కోసం ఈ అమ్మాయి మోకాలి లోతు బురదలోకి దిగింది సీనియర్ కుర్రాడు పడవలో కూర్చుని లేబుళ్లు రాశాడు రిపోర్టులో సేకరించినవారి పేరు ఆ కుర్రాడిది"

ఆ సీనియర్ కుర్రాణ్ణి నేనే. కొత్త ప్యాంటు పాడవుతుందని దిగలేదు. ఆ రోజు మాస్టారు దూరంగా గట్టు మీద ఉన్నారు, చూడలేదనుకున్నాను. నా పేరు రాసుకున్నందుకు ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. ఆమె చెప్పలేదు, నేను చెప్పలేదు. పోయినాయన చెబుతున్నాడు.

నేను ఆ ఉత్తరాన్ని తుడిచేశాను.

పాస్‌వర్డు మార్చేస్తే గొడవే ఉండేది కాదు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ అది మాస్టారిని గుమ్మం బయట నిలబెట్టి గడియ వేసినట్టుంటుందనిపించి, చెయ్యాడలేదు. తుడవడానికి మాత్రం ఆడింది.

మర్నాటి మధ్యాహ్నం మళ్లీ మొదటి వాక్యం. "నేను ఈ అమ్మాయిని మూడేళ్లు చూశాను" మళ్లీ తుడిచాను. మళ్లీ వచ్చింది. మూడోసారి తుడిచేసరికి లెటర్లు అందాల్సిన గడువు ఇంకా రెండు రోజులుంది. అన్నం సయించడం మానేసింది. క్లాసులో బోర్డు మీద రాస్తూ ఆగిపోయి, పిల్లలు "సార్" అని పిలిచేదాకా తెలివి లేకుండా నిలబడ్డాను. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి మాస్టారింటికి వెళ్లాను. ఏం అడగాలని వెళ్లానో ఇప్పటికీ తెలియదు.

తలుపు తీసే ఉంది. ముందు గదిలో ఆయన ఎండబెట్టి అతికించిన మొక్కల అట్టలు, వాటి కలరా ఉండల వాసన. భోజనాల బల్ల దగ్గర అమ్మగారు కళ్లజోడు సర్దుకుంటూ ఒక టాబ్ ముందు కూర్చున్నారు. ఆవిడ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. పక్కన మాస్టారి చేతిరాతతో ఒక కాగితం, ఆ పక్కన పాస్‌వర్డు రాసిన చిన్న చీటీ. ఆ చీటీ మీది రాత నాది. రెండేళ్ల కిందట మాస్టారికి నేనే రాసిచ్చి మర్చిపోయాను.

ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సమయానికొచ్చావు బాబూ. ఈ టాబ్‌కేదో అయింది."

"ఏంటండి?"

"ఆ కాకినాడమ్మాయి ఫోన్ చేసి, మాస్టారు నా లెటరు రాశారండీ, దొరుకుతుందేమో చూస్తారా అంది. ఆయన పుస్తకంలో దొరికింది. నాకా ఇంగ్లీషు కొట్టడం రాదు. రోజూ భోంచేశాక ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక ముక్క కొడుతున్నాను. నాలుగు ముక్కలయ్యాయో లేదో, అంతా పోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పోయింది."

ఆవిడ గొంతు తగ్గించారు.

"మీ మాస్టారేనేమో అనిపిస్తోంది. బతికున్నన్నాళ్లూ నేను సరుకుల చీటీ రాసినా దిద్దేవారు కదా. పొద్దున్న గట్టిగానే అడిగాను, ఏవండీ, తప్పులుంటే దిద్దండి గానీ మొత్తం తుడిచేస్తే ఎలాగండీ అని."

నవ్వారు. నేను నవ్వలేదు.

"పంపడం ఆయనకి ఇష్టం లేదేమో. ఇంక మానేద్దామనుకుంటున్నాను."

మానెయ్యండి అంటే చాలు. అనకపోయినా చాలు, ఊరికే కూర్చుంటే చాలు. సీటుకి నేనొక్కణ్ణే మిగులుతాను.

"నేను కొట్టిపెడతానండి" అన్నాను.

కాగితం దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను. అక్కడ బురద ఉంది, పడవ ఉంది, పడవలో నేనున్నాను. ఒక్క మాటా వదలకుండా కొట్టాను. ఆవిడ నా భుజం మీదుగా చూస్తున్నారు.

"పైన ఒక ముక్క రాయి బాబూ. ఇది రాసినాయన ఫలానా తారీఖున కాలం చేశారు, ఆయన చేత్తో రాసినదాన్ని భార్యగా నేను పంపుతున్నాను అని. పోయినాయన పేరు మీద మనం పంపితే బాగోదు కదా."

ఆ తారీఖు వెళ్తే, అదే ఆఫీసులో, అదే పేరుతో, ఆ తారీఖు తర్వాత వచ్చిన నా ఉత్తరం ఏమవుతుందో నాకు తెలుసు.

"అది అవసరం లేదేమోనండి" అన్నాను.

"ఎందుకవసరం లేదు?"

నేను చేతిరాత కాగితం మళ్లీ సరిచూస్తున్నట్టు వంగాను. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "ఆయన పోయాక నీ గురించి ఓ లెటరు వెళ్లింది, ఈ మెయిల్లోనే చూశాను. అచ్చం ఆయన రాసినట్టే ఉంది" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. ఆవిడకి ఎంత తెలుసో ఆ రోజూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

తారీఖు కొట్టాను. చేతిరాత కాగితం ఫోటో తీసి జత చేశాను. పంపించాను.

తర్వాతి సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. ఆ అమ్మాయికి సీటొచ్చింది. నాకు ఆ ఆఫీసు నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, మీ అప్లికేషన్‌ను పరిశీలించడం లేదు, ఇకపై కూడా పరిశీలించము అని. కారణం రాయలేదు. అక్కర్లేదు కూడా.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇంకా అక్కడితో అయిపోలేదు. ఉత్తరం వెళ్లిపోయాక అమ్మగారు తెరని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈసారి తుడవలేదేంటో" అన్నారు. ఆ మాటలో చిన్న ఆనందం ఉంది. తన మొగుడు చివరికి ఒప్పుకున్నాడన్న ఆనందం.

"తుడిచింది నేనేనండి" అన్నాను. "మూడుసార్లూ."

ఆవిడ నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. నేను చేసినది చెప్పేస్తే బరువు దిగుతుందనే చెప్పాను, అదీ నాకోసమే. ఆ మాట ఆవిడ దగ్గర్నుంచి ఏం పట్టుకుపోతుందో నేను ఆలోచించలేదు.

"అయితే ఆయన కాదన్నమాట" అన్నారు.

టాబ్ ఆపి పక్కన పెట్టారు. తర్వాత లేచి, బల్లకి అటువైపు మాస్టారు కూర్చునే ఖాళీ కుర్చీ ముందు మీగడ కట్టి ఉన్న కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లారు. పారబోసిన చప్పుడు, ఆ వెంటనే కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి.